కట్టుడు ఈగ

చెరువు గట్టున కూర్చుని గాలం వేసేవారిని మీరు చూసే ఉంటారు. చేతిలో వెదురు కర్ర ఉంటుంది. కర్ర కొనకు దారం, దారానికి నడుమ ఒక బెండు, చివర గాలం ఉంటాయి. గాలానికి వానపామునో, పిండి ముద్దనో గుచ్చుతారు. దీనినే ఎర అంటారు. ఎరకు ఆశపడి వచ్చిన చేప గాలానికి చిక్కుకుంటుంది. బెండు మునగగానే కర్రను పైకి లాగుతారు. ఇది మనకు బాగా తెలిసిన పద్ధతి.

ఎర లేకుండా గాలం వేసే పద్ధతి కూడా ఒకటి ఉంది. అందులో గాలానికే కొంచెం ఉన్ని, ఒక ఈక, కొంత దారం చుట్టి దానిని పురుగులాగా తయారుచేస్తారు. దానికి వాసన లేదు, రుచి లేదు, ప్రాణం లేదు. అయినా నీటిలో పడగానే చేప వచ్చి దానిని నోట కరుచుకుంటుంది. ఇంగ్లీషులో దీనిని 'ఫ్లై' అంటారు. ఫ్లై అంటే ఈగ. ఊడిపోయిన పళ్ళకు బదులు పెట్టుకొనే పళ్ళను మనం కట్టుడు పళ్ళు అంటాం గదా! అలాగే దీనిని కట్టుడు ఈగ అందాం.

అమెరికాలో ఎందరో పిల్లలు తమ మొదటి ఈగను ఇంట్లో బల్ల ముందు కూర్చుని తామే కడతారు. మరునాడు దానితోనే చేపను పడతారు. కొన్న వస్తువుతో పట్టిన చేప వేరు, తాను కట్టిన దానితో పట్టిన చేప వేరు. ఆ ఈగను ఎలా కడతారో, దానిని చేప ఎందుకు నమ్ముతుందో, నమ్మించినవారి మీద ఏ బాధ్యత పడుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

పెనం చేపలు

అమెరికాలోని చెరువుల్లో, సరస్సుల్లో, నిదానంగా పారే ఏళ్ళలో అరచేతి వెడల్పు చేపలు అనేక రకాలున్నాయి. తలా తోకా కలిపి చేప మొత్తం ఒక వేపుడు పెనంలో పడుతుంది. అందువల్ల వీటన్నిటినీ కలిపి 'పాన్‌ఫిష్', అంటే పెనం చేపలు అంటారు. ఇది శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కాదు, వంటింట్లో పుట్టిన పేరు. బ్లూగిల్, పంప్‌కిన్‌సీడ్, క్రాపీ, ఎల్లో పెర్చ్ వంటివి ఈ జాబితాలోకి వస్తాయి.

వీటిలో పిల్లలకు బాగా తెలిసినది బ్లూగిల్. ఈ పేరుకు నీలి మొప్ప అని అర్థం. దీని శరీరం పక్కల నుంచి నొక్కినట్టు పల్చగా, గుండ్రంగా ఉంటుంది. మొప్ప మూత చివర నల్లని మచ్చ ఉంటుంది. గుడ్లు పెట్టే కాలంలో మగచేప రొమ్ము నారింజ రంగుకు తిరుగుతుంది. సాధారణంగా ఇది 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవు పెరుగుతుంది. ఇలినాయ్ రాష్ట్రానికి గుర్తుగా ఏ చేప ఉండాలో 1986లో అక్కడి బడిపిల్లలు ఓట్లు వేసి చెప్పారు. వారు ఎన్నుకొన్నది బ్లూగిల్‌నే.

కొత్తగా నేర్చుకొనేవారికి ఈ చేప మంచి గురువు. ఇది లోతు నీటిలో దాగి ఉండదు, గట్టు దగ్గరే తిరుగుతుంది. గుంపులుగా ఉంటుంది. పిల్లవాడు దారాన్ని తప్పుగా విసిరినా, నీటిలో చప్పుడైనా కొంచెం సేపటికి మళ్ళీ వస్తుంది. అయితే దీని నోరు చాలా చిన్నది. పెద్ద గాలం ఆ నోట్లో పట్టదు. అందుకే చిన్న ఈగ కట్టాలి.

ఉన్ని, ఈక: పాత కథ

ఈ విద్య నిన్న మొన్న పుట్టినది కాదు. సుమారు 1800 సంవత్సరాల కిందట రోమ్ నగరంలో ఈలియన్ అనే రచయిత ఉండేవాడు. ఆయన జంతువుల స్వభావాల గురించి గ్రీకు భాషలో ఒక పుస్తకం రాశాడు. మాసిడోనియా దేశంలో ఆస్ట్రేయస్ అనే నది మీద ఒక రకం ఈగలు ఎగురుతుంటాయనీ, చేపలు వాటిని తింటాయనీ అందులో చెప్పాడు. ఆ ఈగను చేత్తో పట్టుకుంటే దాని రంగు చెడిపోతుంది, రెక్కలు ముడుచుకుపోతాయి. అందువల్ల అది ఎరగా పనికిరాదు. అప్పుడు అక్కడి జాలరులు గాలానికి ఎర్రని ఉన్ని చుట్టారు. కోడిపుంజు గొంతు కింద పెరిగే మైనపు రంగు ఈకలు రెండు తెచ్చి దానికి కట్టారు. చేపలు ఆ బొమ్మ ఈగను నిజమైన ఈగ అనుకొని మింగాయి.

ఇంగ్లండులో 1496వ సంవత్సరంలో గాలంతో చేపలు పట్టడం గురించి ఒక గ్రంథం అచ్చయింది. అందులో 12 రకాల ఈగలను కట్టే విధానం ఉంది. ఏ ఈగ ఏ నెలలో పనికివస్తుందో కూడా చెప్పారు. దానిని డేమ్ జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని రాసిందని చాలాకాలంగా చెప్పుకొంటూ వస్తున్నారు.

ఇంగ్లండులోనే ఒళ్ళంతా నూగు ఉన్న పురుగులను 'పామర్' పురుగులు అనేవారు. పామర్ అంటే దూరదేశపు పుణ్యక్షేత్రాలకు వెళ్ళివచ్చిన యాత్రికుడు. ఆ పురుగు కూడా ఒకచోట నిలవక తిరుగుతూనే ఉంటుంది గనుక దానికి ఆ పేరు పెట్టారు. అదే పురుగును పోలిన ఈగకు అమెరికాలో 'ఊలీ వర్మ్' అని పేరు. 1930లలో డాన్ మార్టినెజ్ అనే ఈగలు కట్టే నిపుణుడు దీనికి మంచి ప్రచారం తెచ్చాడు. ఊలీ వర్మ్ అంటే ఉన్ని పురుగు. మన భాషలో ఈ పురుగు పేరేమిటో ఆలోచించండి. గొంగళిపురుగు! గొంగళి అంటే ఉన్ని కంబళి. రెండు దేశాలవారూ ఒకే పురుగును చూశారు. ఇద్దరికీ ఉన్నే గుర్తుకు వచ్చింది. కొత్తవారు మొదట కట్టదగిన ఈగ ఇదే. దీనిని మనం గొంగళిపురుగు ఈగ అని పిలుద్దాం.

ముందు చూడాలి

ఈగను కట్టబోయేవారు మొదట చేయవలసిన పని దారం చుట్టడం కాదు. నీటి దగ్గరకు వెళ్ళి చూడటం. గట్టున ఒక రాయిని మెల్లగా తిరగేస్తే దాని అడుగున చిన్న పురుగులు అంటుకొని కనబడతాయి. తూనీగల పిల్లలు నీటిలోనే పెరుగుతాయి. దోమల పిల్లలూ అంతే. గాలి వీచినప్పుడు ఒడ్డున ఉన్న చెట్ల నుంచి చీమలు, మిడతలు, సాలీళ్ళు, గొంగళిపురుగులు నీటిలో రాలిపడతాయి. బ్లూగిల్ వీటన్నిటినీ తింటుంది. మన వాగుల్లోని పరిగెలు కూడా నీటి మీద పడిన పురుగు కోసం పైకి వచ్చి చటుక్కున అందుకోవడం మీరు చూసి ఉంటారు.

బ్లూగిల్ పురుగును తినే తీరు వింతగా ఉంటుంది. అది ఒక్కసారిగా దూకదు. పురుగు దగ్గరకు వచ్చి ఆగుతుంది. రెక్కలు ఆడిస్తూ ఒక క్షణం దానినే చూస్తుంది. తరువాత నోరు తెరిచి నీటితోపాటు పురుగును లోపలికి పీల్చుకుంటుంది. నోట్లోకి వచ్చినది తిండి కాదని తెలిస్తే వెంటనే ఉమ్మివేస్తుంది.

కాబట్టి ఈగ అచ్చం పురుగులాగా ఉండవలసిన అవసరం లేదు. కళ్ళు, ముక్కు, మీసాలు దిద్దనక్కరలేదు. మూడు విషయాలు సరిపోతే చాలు. ఒకటి, పురుగు అంత పరిమాణం. రెండు, పురుగు వంటి ఆకారం. మూడు, ప్రాణమున్నట్టు కదలిక. ఈక పోగులు నీటిలో మెల్లగా కదులుతూ పురుగు కాళ్ళను తలపిస్తాయి. నోట్లో పడినప్పుడు ఉన్ని మెత్తగా ఉంటుంది. చేప దానిని ఉమ్మడానికి ఒక క్షణం ఆలస్యం చేస్తుంది. గాలం వేసినవారికి దొరికే సమయం ఆ ఒక్క క్షణమే.

కావలసిన వస్తువులు

ముందుగా గాలం. గాలంలో ఐదు భాగాలు ఉంటాయి. దారం ఎక్కించే రంధ్రం బెజ్జం. నిటారుగా ఉండేది కాడ. తరువాత వంపు. వంపు చివర మొన. మొనకు లోపలివైపు ఉండే చిన్న కొక్కెం ముల్లు. గాలాలకు నంబర్లు ఉంటాయి. కుట్టు సూదుల నంబర్లలాగానే నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. బ్లూగిల్ నోటికి 10వ నంబరు గాలం సరిపోతుంది. గొంగళిపురుగు ఈగకు కాడ కొంచెం పొడవుగా ఉన్న గాలం తీసుకోవాలి.

గాలాన్ని కదలకుండా పట్టి ఉంచడానికి బల్లకు బిగించే చిన్న వైస్ కావాలి. దారపు కండెను బాబిన్ అనే గొట్టంలో అమర్చుకుంటే దారం వదులు కాకుండా వేలాడుతూ ఉంటుంది. చిన్న కత్తెర, సన్నని గట్టి నల్లదారం, తోకకు ఎర్ర ఉన్ని ముక్క, ఒంటికి నల్లని లేక ఆకుపచ్చని చెనిల్ కావాలి. చెనిల్ అంటే ఒళ్ళంతా నూగు ఉన్న దారం. అది దొరకకపోతే స్వెట్టర్లు అల్లే ఉన్ని దారమైనా పనికివస్తుంది. చివరగా ఒక పుంజు మెడ ఈక, ఒక బొట్టు జిగురు లేక గోళ్ళరంగు.

ఈ ఈకకు మన దేశంతో సంబంధం ఉంది. చాలాకాలం అమెరికా, ఇంగ్లండు దేశాల దుకాణాలకు మన దేశపు కోడిపుంజుల మెడ ఈకలు ఎగుమతి అయ్యేవి. 'ఇండియన్ నెక్' అనే పేరుతోనే వాటిని అమ్మేవారు. తరువాత అమెరికాలో ఈకల కోసమే ప్రత్యేకంగా కోళ్ళను పెంచడం మొదలుపెట్టారు. మన దక్షిణాది అడవుల్లో ఉండే బూడిదరంగు అడవికోడి మెడ ఈకల మీద మైనపు చుక్కల వంటి మెరుపు మచ్చలుంటాయి. ఆ అందమే దానికి ముప్పు తెచ్చింది. ఈగల కోసం దానిని విపరీతంగా వేటాడారు. ఇప్పుడు అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉంది. ఈగలు కట్టేవారు ఇంట్లో పెంచిన కోడి ఈకనే వాడాలి. అడవి పక్షి ఈక కోసం ఆశపడకూడదు.

కట్టే విధానం

మొదట పట్టకారుతో గాలం ముల్లును నొక్కి చదును చేయాలి. ఎందుకో తరువాత చెప్పుకుందాం. గాలాన్ని వైస్‌లో బిగించాలి. కాడ నేలకు సమాంతరంగా ఉండాలి.

1. దారాన్ని బెజ్జం వెనుక కాడ మీద ఉంచి, దాని మీద నుంచే ఐదారు చుట్లు వేయండి. దారం తన కిందనే తాను ఇరుక్కుని నిలుస్తుంది. మిగిలిన కొసను కత్తిరించండి. అక్కడి నుంచి వంపు మొదలయ్యే చోటు దాకా దగ్గర దగ్గరగా చుట్టుకుంటూ వెళ్ళండి. నున్నని ఇనుము మీద ఉన్ని జారిపోతుంది. దారం మీద జారదు.

2. ఎర్ర ఉన్ని ముక్కను వంపు దగ్గర కాడపై ఉంచి నాలుగైదు చుట్లతో కట్టండి. వెనక్కు వచ్చిన తోక కాడ పొడవులో నాలుగో వంతుకు మించకుండా కత్తిరించండి. తోక పొడవైతే చేప తోకను మాత్రమే కొరికి పోతుంది.

3. ఈక మొదట్లో ఉండే దూదివంటి నూగును తీసివేయండి. కొనను కొంచెం వదిలి మిగతా పోగులను వెనక్కు దువ్వండి. ఆ కొనను తోక ఉన్నచోటనే కట్టండి. ఈకను అప్పటికి వెనక్కు వేలాడనివ్వండి.

4. చెనిల్ కొసన అర సెంటీమీటరు మేర నూగును గోటితో గీకివేయండి. లోపలి సన్నని దారం బయటపడుతుంది. దానిని కూడా అక్కడే కట్టండి. ఇలా చేస్తే అక్కడ బొడిపె రాదు.

5. ఇప్పుడు దారాన్ని బెజ్జం వైపు నడిపించండి. బెజ్జం దాకా పోవద్దు. తల కట్టడానికి రెండు మిల్లీమీటర్ల చోటు వదిలి ఆపండి.

6. చెనిల్‌ను ఒక చుట్టు పక్కన ఒక చుట్టుగా ముందుకు చుట్టుకుంటూ రండి. దారం ఆగిన చోట దానిని కట్టి, మిగిలినది కత్తిరించండి. పురుగు ఒళ్ళు తయారైంది.

7. ఈకను పట్టుకుని అదే దారిలో ఎడమెడంగా నాలుగైదు చుట్లు వేస్తూ ముందుకు తీసుకురండి. మరచీల మీది గాట్లలాగా చుట్లు ఏటవాలుగా పడాలి. ఈక పోగులు చుట్టూ నిక్కి నిలబడతాయి. ముందు కట్టి, మిగిలిన ఈనెను కత్తిరించండి.

8. వదిలిన రెండు మిల్లీమీటర్ల చోటులో దారంతో చిన్న తల కట్టండి. దారంతో ఉచ్చు వేసి, దానిని బెజ్జం మీదుగా తలకు తొడిగి బిగించండి. ఇలా మూడుసార్లు చేయండి. దారం కత్తిరించి ముడి మీద ఒక బొట్టు జిగురు పెట్టండి. బెజ్జం జిగురుతో మూసుకుపోకుండా చూడండి.

వైస్‌లో ఇప్పుడు ఎర్ర తోక ఉన్న ఒక చిన్న గొంగళిపురుగు కనబడుతుంది.

మొదటి ఈగ వంకరగానే వస్తుంది. అందరికీ అలాగే వస్తుంది. సాధారణంగా జరిగే తప్పులు మూడు. తలకు చోటు వదలకపోవడం మొదటిది. అప్పుడు బెజ్జంలో దారం ఎక్కించడానికి వీలుండదు. ఉన్ని, ఈక అవసరానికి మించి వాడటం రెండోది. ఈగ లావుగా తయారై చిన్ననోటి చేప దానిని వదిలిపోతుంది. దారాన్ని వదులుగా చుట్టడం మూడోది. రెండు చేపలు కొరికేసరికి ఈగ విడిపోతుంది. దారం ఎంత బిగువును తట్టుకుంటుందో తెలియాలంటే ఒక ముక్కను తెగేదాకా లాగి చూడాలి. తెగే బిగువుకు కొంచెం తక్కువగా చుట్టాలి. వంకర ఈగను పారవేయనక్కరలేదు. నిజమైన పురుగులన్నీ తీర్చిదిద్దినట్టు ఉండవు గదా! అయితే బ్లేడుతో దారం కోసివేస్తే గాలం మళ్ళీ పనికివస్తుంది. బ్లేడు పట్టే పని పెద్దలది.

తేలే సాలీడు

గొంగళిపురుగు ఈగ నీటిలో మునుగుతుంది. నీటిపై తేలే ఈగ కావాలంటే నురుగు రేకుతో సాలీడును కట్టవచ్చు. రబ్బరు చెప్పుల అట్టలాగా నీటిని పీల్చని రేకు కావాలి. గిన్నెలు తోమే స్పాంజి నీరు పీల్చి మునిగిపోతుంది. రేకు నుంచి నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు, పన్నెండు మిల్లీమీటర్ల పొడవు గల ముక్క కత్తిరించాలి. గాలం కాడకు దారం చుట్టి, రేకు ముక్కను దానిపై నిలువుగా పెట్టి నడుమ మాత్రమే గట్టిగా కట్టాలి. నడుము సన్నగా, రెండువైపులా ఉబ్బుగా పురుగు ఆకారం వస్తుంది. రబ్బరు బ్యాండును సన్నగా చీల్చి రెండు ముక్కలను నడుముకు అటొకటి, ఇటొకటి కట్టాలి. అవి నాలుగు కాళ్ళుగా విచ్చుకుంటాయి. సాలీడుకు ఎనిమిది కాళ్ళు ఉండాలని మీరు అనవచ్చు. నిజమే. కాని చేప కాళ్ళు లెక్కపెట్టదు. అవి కదులుతున్నాయో లేదో మాత్రమే చూస్తుంది.

నీటిలో వేయడం

కట్టుడు ఈగకు బరువు ఉండదు. రాయిని దూరంగా విసరవచ్చు గాని ఈకను విసరలేం. అందుకే పెద్దలు ఈ పనికి ప్రత్యేకమైన బరువైన దారాన్ని వాడతారు. వారు విసిరేది ఈగను కాదు, దారాన్ని. దారం ముందుకు పోతూ తన వెంట ఈగను తీసుకుపోతుంది. ఇది నేర్చుకోవడానికి కొంతకాలం పడుతుంది. చిన్నపిల్లలు అంతదాకా ఆగనక్కరలేదు. మూడు మీటర్ల కర్ర, దాదాపు అంతే పొడవు దారం ఉంటే గట్టు మీద నుంచే ఈగను నీటిలో మెల్లగా దించవచ్చు.

సాలీడును నీటిపై వేసిన తరువాత కదల్చకూడదు. అది పడినప్పుడు లేచిన అలల వలయాలు మాయమయ్యేదాకా ఆగాలి. తరువాత కర్ర కొనను కొంచెం కదిలిస్తే రబ్బరు కాళ్ళు వణుకుతాయి. గొంగళిపురుగు ఈగను వేస్తే మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టి దానిని మునగనివ్వాలి. తరువాత రెండంగుళాలు లాగి ఆపాలి. మళ్ళీ లాగి ఆపాలి. దారం కొంచెం పక్కకు జరిగినా, ఆగినా చేప ఈగను అందుకొన్నదని అర్థం. అప్పుడు కర్రను మెల్లగా పైకెత్తాలి. గట్టిగా లాగితే చిన్న నోరు చిరుగుతుంది.

చేప ఎందుకు కరిచింది?

ఇప్పుడు అసలైన విషయానికి వద్దాం. వేసవి మొదట్లో, నీరు సుమారు 20 డిగ్రీల సెల్సియస్ దాటి వెచ్చబడినప్పుడు, గట్టు దగ్గరి లోతు తక్కువ నీటిలో పళ్ళెం వంటి గుంటలు కనబడతాయి. ఒకదాని పక్కన ఒకటిగా పదులకొద్దీ గుంటలుంటాయి. అవి బ్లూగిల్ గూళ్ళు. మగచేప తన తోకతో ఇసుకను, బురదను ఊడ్చి గూడు చేస్తుంది. ఆడచేప వచ్చి గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. ఒక్కొక్క గూటిలో వేల గుడ్లు ఉంటాయి. ఆ తరువాత కాపలా అంతా తండ్రిదే. అది రెక్కలతో విసురుతూ గుడ్లకు మంచి నీరు అందిస్తుంది. బురద చేరనివ్వదు. గుడ్లు రెండు మూడు రోజుల్లో పిగులుతాయి. పిల్లలు ఈదడం నేర్చి గూడు విడిచేదాకా తండ్రి అక్కడే ఉంటుంది. ఆ రోజుల్లో అది మేతకు కూడా సరిగా వెళ్ళదు. మన చెరువుల్లో కొర్రమీను కూడా ఇలాగే తన పిల్లలను కాపాడుకుంటుంది.

ఈ గూళ్ళ మీద ఈగ వేస్తే ఏమవుతుంది? వేసిన ప్రతిసారీ చేప పడుతుంది. కొత్తగా నేర్చినవాడు తన నేర్పుకు పొంగిపోతాడు. నిజానికి అక్కడ నేర్పు ఏమీ లేదు. ఆ చేప ఆకలితో కరవలేదు. తన పిల్లలను తినడానికి ఏదో పురుగు వచ్చిందనుకొని దానిని తరమడానికి కరిచింది.

ఆ తండ్రిని బుట్టలో వేసుకుపోతే గూటికి కాపలా ఉండదు. చుట్టూ కాచుకొని ఉన్న ఇతర చేపలు కొద్ది నిమిషాల్లోనే గుడ్లను తినివేస్తాయి. నష్టం అంతటితో ఆగదు. చెరువులో పెద్ద మగచేపలు ఉన్నంతకాలం చిన్న మగచేపలకు గూడు కట్టే చోటు సులభంగా దొరకదు. అందువల్ల అవి గూడు కట్టే తొందర మాని ముందు ఒళ్ళు పెంచుకుంటాయి. పెద్దవాటిని అన్నిటినీ పట్టివేస్తే చిన్నవి తొందరపడి పెరగకముందే గూళ్ళు కడతాయి. శక్తి అంతా దానికే ఖర్చయి వాటి ఎదుగుదల తగ్గిపోతుంది. కొన్నేళ్ళకు ఆ చెరువులో వేలెడంత చేపలే మిగులుతాయి. పెనం చేప అనే పేరుకు తగిన చేప ఒక్కటీ ఉండదు. ఇదంతా ఒకరో ఇద్దరో చేసేది కాదు. వచ్చినవారందరూ పెద్ద చేపనే ఏరి తీసుకుపోతే జరిగేది.

అందుకే అనుభవజ్ఞులు గూటిమీది పెద్ద మగచేపను పట్టినా వెంటనే అదే చోట వదిలివేస్తారు. అసలు గూళ్ళ మీద ఈగ వేయనివారు కూడా ఉన్నారు. కూరకు కావాలంటే గూళ్ళకు దూరంగా మధ్యరకం చేపలను నాలుగైదింటిని మాత్రమే ఉంచుకుంటారు. గాలం ముల్లును ముందే ఎందుకు చదును చేయమన్నామో ఇప్పుడు తెలిసింది గదా! ముల్లు లేని గాలం చేప నోటి నుంచి సులభంగా ఊడి వస్తుంది. చేపకు గాయం తక్కువ. పొరపాటున మన వేలికి గుచ్చుకున్నా తేలికగానే వస్తుంది.

జాగ్రత్తలు

చేపను తాకే ముందు చేతులు తడుపుకోవాలి. పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటిమీది జిగట పొర పోతుంది. ఆ పొర చేపను రోగాల నుంచి కాపాడుతుంది. బ్లూగిల్ వీపు రెక్కలో ముళ్ళుంటాయి. తల వైపు నుంచి తోక వైపు చేత్తో నిమురుతూ రెక్కను అణచి పట్టుకోవాలి. దారం విసిరే ముందు వెనక ఎవరైనా ఉన్నారేమో చూసుకోవాలి. కంటికి అద్దాలు, తలకు టోపీ ఉండాలి. పెద్దలు తోడు లేకుండా పిల్లలు నీటి దగ్గరకు వెళ్ళకూడదు. తెగిన దారాన్ని గట్టున పారవేయకూడదు. అది పక్షుల కాళ్ళకు చుట్టుకుంటుంది. అమెరికాలో చేపలు పట్టడానికి లైసెన్సు ఉండాలి. చాలా రాష్ట్రాల్లో 16 ఏళ్ళలోపు పిల్లలకు అది అక్కరలేదు. అయితే రోజుకు ఎన్ని చేపలు తీసుకోవచ్చుననే నియమం పిల్లలకూ వర్తిస్తుంది.

ఈగను కట్టడానికి ముందు పురుగును చూశాం. తరువాత చేప ఎలా తింటుందో చూశాం. ఇక చూడవలసినది ఆ చేప ఏ పనిలో ఉందో. ఈ మూడూ చూసినవారికే ఆ విద్య పూర్తిగా వచ్చినట్టు. ఉన్ని, ఈక, దారం కలిపి ఒక ప్రాణిని నమ్మించగలిగినవారు, అది నమ్మి నోరు తెరిచినప్పుడు దానిని ఉంచుకోవాలా, వదలాలా అని నిర్ణయించగలగాలి. వదిలిన చేప ఒక్కసారి తోక విదిల్చి గూటికి చేరుకుంటుంది. కట్టినవారి ఈగ కట్టినవారి దగ్గరే ఉంటుంది. దానిని ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు.

పదాలు - అర్థాలు

ఎర = చేపను ఆకర్షించడానికి గాలానికి గుచ్చే తిండి
బెజ్జం = చిన్న రంధ్రం
మొన = వాడియైన చివరి భాగం
నూగు = సన్నని మెత్తని వెంట్రుకలు
ఈనె = ఆకుకు లేక ఈకకు నడుమ ఉండే గట్టి కాడ
గొంగళి = ఉన్ని కంబళి
పిగులు = పగిలి బయటికి వచ్చు

ప్రశ్నలు

అ) పెనం చేపలు అనే పేరు ఎలా వచ్చింది?
ఆ) మాసిడోనియా జాలరులు నిజమైన ఈగను ఎరగా ఎందుకు వాడలేకపోయారు?
ఇ) ఈగ అచ్చం పురుగులాగా ఉండనక్కరలేదని రచయిత ఎందుకు అన్నాడు? అందులో సరిపోవలసిన మూడు విషయాలేవి?
ఈ) గూటిమీది మగచేప ఈగను కరవడానికి కారణమేమిటి? దానిని పట్టుకుపోతే చెరువుకు జరిగే నష్టాన్ని మీ సొంత మాటల్లో రాయండి.

చేసి చూడండి

మొన లేని మెత్తని తీగముక్కను గాలంలాగా వంచండి. ఇంట్లో దొరికే ఉన్ని, దారం, కోడి ఈకలతో దానిమీద గొంగళిపురుగును కట్టండి. మీరు కట్టిన తీరును వరుసగా పది వాక్యాల్లో రాసి తరగతిలో చదవండి. మీ ఊరి చెరువులో, ఏటిలో దొరికే చేపల పేర్లు పెద్దలను అడిగి తెలుసుకుని, వాటికి ఆ పేర్లు ఎలా వచ్చాయో రాయండి.